ఇరవై ఆరు గేట్లు, ఒకే పేరు

కృష్ణకు మంచి వరద వచ్చిన ఏడాది పత్రికల్లో ఒక వాక్యం తప్పకుండా కనబడుతుంది: నాగార్జునసాగర్ 26 క్రస్ట్ గేట్లను 5 అడుగుల మేర ఎత్తి నీటిని దిగువకు వదిలారు. ఆ వార్త రాసిన విలేకరి ఒకటో గేటు ఎత్తారు, రెండో గేటు ఎత్తారు అంటూ ఇరవై ఆరు వాక్యాలు రాయడు. గేట్లన్నీ ఒకే తీరువి, వాటితో చేసిన పనీ ఒకటే. అందుకే ఒక్క వాక్యం సరిపోయింది. ఒకవేళ కొన్ని గేట్లను 5 అడుగులు, మరికొన్నింటిని 10 అడుగులు ఎత్తి ఉంటే ఆ తేడా ఒక్కటే విడిగా చెబుతాడు. భాషలో మనకు అలవోకగా వచ్చే ఈ పొదుపును కంప్యూటర్ ప్రోగ్రాములోకి ఎలా తేవాలో ఈ అధ్యాయంలో చూద్దాం.

ఉదాహరణ కోసం సాగర్‌నే తీసుకుందాం. పల్నాడు జిల్లా మాచర్ల మండలంలోని విజయపురి సౌత్ ఈ డ్యాముకు కుడి గట్టు. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ కాల్వలకు నీళ్లు వదిలారు. కుడి వైపు జవహర్ కాల్వ పల్నాటి మెట్ట చేలకు కృష్ణ నీళ్లు తెచ్చింది. జలాశయం పూర్తి నీటిమట్టం 590 అడుగులు. వరద నీరు పొర్లిపోయే స్పిల్‌వే అంచు 546 అడుగుల దగ్గర ఉంది. ఆ రెంటికీ మధ్య ఉన్న 44 అడుగుల నీటిని ఆపి నిలబెట్టేవే ఈ 26 గేట్లు. ఒక్కో గేటు వెడల్పు సుమారు 45 అడుగులు.

నూట నాలుగు కంట్రోళ్ల ఫారం

ఒక చిన్న డెస్క్‌టాప్ ప్రోగ్రాం రాద్దాం. ఇది మనం నేర్చుకోవడానికి ఊహించుకున్నది. గేట్లను కదిపే పని దీనికి లేదు. ఏ గేటు ఎన్ని అడుగులు ఎత్తారో నమోదు చేసుకుని, మొత్తం ఎన్ని క్యూసెక్కులు పోతున్నాయో లెక్కగడుతుంది, అంతే. ఫారం మీద ఒక్కో గేటుకు ఒక్కో వరస. ప్రతి వరసలో నాలుగు కంట్రోళ్లు: గేటు నంబరు చూపే లేబుల్, ఎత్తిన అడుగులు రాసే టెక్స్ట్ బాక్స్, లెక్కించు అనే బటన్, ఫలితం చూపే మరో లేబుల్. ఇరవై ఆరు వరసలకు 104 కంట్రోళ్లు.

లెక్క కష్టమైనదేమీ కాదు. గేటు కింది సందు వైశాల్యాన్ని నీటి వేగంతో గుణించి, దాన్ని ప్రవాహ గుణకంతో మళ్లీ గుణించాలి. గేటు 5 అడుగులు ఎత్తితే సందు వైశాల్యం 45 ఇంటూ 5, అంటే 225 చదరపు అడుగులు. జలాశయం నిండుగా ఉన్నప్పుడు ఆ సందు నడిమధ్యకు పైన 41.5 అడుగుల నీరు నిలిచి ఉంటుంది. అంత నీటి ఒత్తిడికి సందులోంచి దూకే నీటి వేగం సెకనుకు దాదాపు 51.7 అడుగులు. గుణకం 0.65 అనుకుంటే ఒక గేటు కింద నుంచి సుమారు 7,560 క్యూసెక్కులు పోతాయి. ఇరవై ఆరు గేట్లకూ కలిపి దాదాపు 1 లక్షా 97 వేల క్యూసెక్కులు.

కొత్తగా నేర్చుకునేవారు ఈ ఫారాన్ని ఎలా కడతారో చూద్దాం. మొదటి బటన్ గీసి, దాని మీద క్లిక్ చేస్తే జరగాల్సిన లెక్కంతా రాస్తారు. బాగా పనిచేస్తుంది. తర్వాత రెండో బటన్. పై కోడ్‌ను కాపీ చేసి, ఒకటి అన్న చోటల్లా రెండు అని మారుస్తారు. ఇలా ఇరవై ఆరుసార్లు. సాయంత్రానికి ప్రోగ్రాం నడుస్తుంది, మార్కులూ పడతాయి.

చిక్కు ఆ తర్వాత వస్తుంది. ఇంజినీరు వచ్చి గుణకం 0.65 కాదు, 0.70 వేయండి అంటాడు. ఇప్పుడు ఇరవై ఆరు చోట్ల మార్చాలి. పదిహేడో గేటు దగ్గర మార్చడం మరిచిపోయారనుకుందాం. ఆ గేటు లెక్కలో సుమారు 580 క్యూసెక్కులు తక్కువ వస్తాయి. 2 లక్షల 11 వేలు దాటిన మొత్తంలో అది మూడు వందల్లో ఒక వంతు కూడా కాదు. ఎవరి కంటికీ ఆనదు. ప్రోగ్రాం ఆగిపోదు, ఎర్ర అక్షరాల్లో తప్పు చూపదు, తప్పు అంకెను ఒప్పు అంకె అంత నమ్మకంగా చూపిస్తూనే ఉంటుంది. కాపీ కోడ్‌తో అసలు ప్రమాదం ఇది. శ్రమ ఎక్కువ కావడం దానిముందు చిన్న విషయం.

ఒక పేరు, ఒక సంఖ్య

మైక్రోసాఫ్ట్ 1991 మే నెలలో విజువల్ బేసిక్‌ను విడుదల చేసింది. తెర మీద బొమ్మ గీసినట్టు ఫారం గీసుకునే ఆ పద్ధతికి మూలం అలన్ కూపర్ తయారుచేసి మైక్రోసాఫ్ట్‌కు ఇచ్చిన రూబీ అనే సాధనం. అదే పేరుతో ఈనాడున్న ప్రోగ్రామింగ్ భాషకూ దానికీ సంబంధం లేదు. 1998లో ఆరో వెర్షన్ వచ్చింది. మన ఊళ్ల కంప్యూటర్ సెంటర్లలో సీ భాష తర్వాత వీబీ నేర్చుకుని ఉద్యోగాలకు వెళ్లినవారు ఎందరో. వాళ్లలో చాలామందికి ఒక చిన్న పెట్టె గుర్తుండే ఉంటుంది. ఒక బటన్‌ను కాపీ చేసి అదే ఫారం మీద పేస్ట్ చేయగానే వీబీ ఆగి అడిగేది: ఈ పేరుతో ఒక కంట్రోల్ ఇప్పటికే ఉంది, కంట్రోల్ అర్రే తయారుచేయాలా?

నో నొక్కితే కమాండ్2 అనే కొత్త పేరుతో కొత్త బటన్ వస్తుంది. పైన చెప్పిన ఇరవై ఆరు కాపీల దారి అక్కడే మొదలవుతుంది. ఎస్ నొక్కితే రెండు బటన్లకూ ఒకే పేరు ఉంటుంది, ఇండెక్స్ అనే సంఖ్య మాత్రం వేరవుతుంది. మొదటిది గేట్(0), రెండోది గేట్(1). ఇలా ఎన్ని పేస్ట్ చేస్తే అన్ని. వీటన్నింటికీ కలిపి క్లిక్ ప్రొసీజర్ ఒక్కటే ఉంటుంది. ఏ బటన్ నొక్కినా ఆ ప్రొసీజరే నడుస్తుంది. నొక్కింది ఎన్నో బటనో ఇండెక్స్ రూపంలో దానికి వీబీయే అందిస్తుంది.

మన ఫారంలో నాలుగు అర్రేలు పెట్టుకుంటాం: నంబరు, ఎత్తు, లెక్కించు, ప్రవాహం. ఇండెక్స్ 7 వచ్చిందంటే ఎత్తు(7)లో రాసిన అడుగులు తీసుకోవాలి, లెక్కగట్టాలి, ఫలితాన్ని ప్రవాహం(7)లో రాయాలి. ఒక వరసలోని నాలుగు కంట్రోళ్లనూ కలిపి కట్టేది ఆ ఒక్క సంఖ్యే. సూత్రం ఒక్కచోటే ఉంటుంది కాబట్టి గుణకం మారితే మార్చాల్సిందీ ఒక్కచోటే. మొత్తం ప్రవాహం కావాలంటే ఇరవై ఆరు పేర్లను ప్లస్ గుర్తులతో కలపనక్కర్లేదు. మొదటి నుంచి చివరిదాకా తిరిగే నాలుగు వాక్యాల లూప్ చాలు.

ఇంకో సౌకర్యం కూడా ఉంది. గేట్లెన్నో ముందే తెలియకపోతే ఒక్క వరస మాత్రమే గీసి, మిగతావాటిని ప్రోగ్రాం నడుస్తుండగా లోడ్ అనే ఆజ్ఞతో పుట్టించవచ్చు. కొత్త కంట్రోల్ తన లక్షణాల్లో ఎక్కువ భాగాన్ని అర్రేలో అతి చిన్న ఇండెక్స్ ఉన్న కంట్రోల్ నుంచి తెచ్చుకుంటుంది, కానీ కనబడకుండా పుడుతుంది. దాన్ని సరైన చోటికి జరిపి, విజిబుల్ అనే లక్షణాన్ని ట్రూ చేయాలి. ఇది తెలియక కోడ్ పనిచేయలేదనుకుని గంటలు వృథా చేసుకున్న విద్యార్థులున్నారు. జరిపే వరకూ కొత్తది పాతదాని మీదే కూర్చుని ఉంటుంది కాబట్టి కనబడకుండా పుట్టడమే మేలు.

వీబీ ఫారంలో కంట్రోళ్ల పేర్లకు 254 అన్న పరిమితి ఉండేది. కంట్రోల్ అర్రే ఎంత పెద్దదైనా అందులో ఒక్క పేరుగానే లెక్క. ఇండెక్స్ మాత్రం 32,767 దాకా పోవచ్చు.

సున్నాతో మొదలైన గేట్లు

ఇండెక్స్‌తో జాగ్రత్తగా ఉండాల్సిన చోట్లు రెండు. మొదటిది లెక్క ఎక్కడ మొదలవుతుందన్నది. కంప్యూటర్ అలవాటుగా సున్నా నుంచి లెక్కిస్తుంది. డ్యాం మీద సున్నా నంబరు గేటు లేదు. గేట్(0) ఒకటో గేటయితే ఇరవై ఆరో గేటు గేట్(25) అవుతుంది. రాసినవారికి ఇది గుర్తుంటుంది. ఏడాది తర్వాత ఆ కోడ్ తెరిచినవారికి ఉండదు. పదో గేటు అనుకుని పదకొండో గేటు అంకె చదివితే చిక్కే. వీబీలో ఇండెక్స్‌ను 1 నుంచి ఇచ్చుకోవడానికి అడ్డులేదు. బయటి ప్రపంచంలో నంబరు ఒకటి నుంచి ఉన్నప్పుడు లోపల కూడా అలాగే ఉంచుకోవడం మంచిది.

రెండోది మధ్యలో ఖాళీలు. ఫారం మీద ఒక కంట్రోల్‌ను తొలగిస్తే మిగిలినవి ముందుకు జరగవు. తొమ్మిదో ఇండెక్స్ పోతే ఎనిమిది తర్వాత పది ఉంటుంది. ఒకటి నుంచి ఇరవై ఆరు దాకా గుడ్డిగా తిరిగే లూప్ తొమ్మిది దగ్గర 340 నంబరు ఎర్రర్‌తో ఆగిపోతుంది: అర్రేలో ఆ అంశం లేదని. ఉన్నవాటిని మాత్రమే ఒక్కొక్కటిగా అందించే ఫర్ ఈచ్ లూప్ వాడితే ఈ బాధ ఉండదు.

పదహారో గేటు

ఇంతదాకా గేట్లన్నీ ఒక్కలాంటివే అనుకున్నాం. ఒక రోజు ఒకటి వేరవుతుంది.

సాగర్‌కు దిగువన, పల్నాడు జిల్లాలోనే కృష్ణ మీద పులిచింతల ప్రాజెక్టు ఉంది. ఇంజినీరూ కేంద్ర మంత్రీ అయిన కానూరి లక్ష్మణరావు పేరిట దాన్ని కె.ఎల్. రావు సాగర్ అంటారు. దానికి 24 గేట్లు. 2021 ఆగస్టు 5 తెల్లవారుజామున వరద వదులుతుండగా పదహారో గేటు కొట్టుకుపోయింది. ఆ ఖాళీని తాత్కాలికంగా మూసే స్టాప్‌లాగ్ దించడానికి ముందుగా జలాశయంలో నీటిమట్టం బాగా తగ్గించాల్సి వచ్చింది.

మన ప్రోగ్రాం పులిచింతలలో ఉందనుకుందాం. ఫారం మీద అన్ని గేట్లూ 2 అడుగులు అనే బటన్ ఉంది. ఆ ఉదయం నుంచి అది తప్పు చెబుతుంది, ఎందుకంటే పదహారో గేటును ఎత్తడం, దించడం అన్న మాటే లేదు. అంతకంటే లోతైన సంగతి మరొకటి ఉంది. గేటు కింది సందులోంచి దూకే నీటికి మనం వాడిన సూత్రం గేటే లేని చోట పనికిరాదు. అక్కడ నీరు కట్ట మీంచి పొర్లినట్టు స్వేచ్ఛగా పోతుంది. దాని లెక్క వేరు, ప్రవాహం నీటి ఎత్తుకు ఒకటిన్నర ఘాతంగా పెరుగుతుంది. స్టాప్‌లాగ్ దించాక ఆ ఖానాలో ప్రవాహం దాదాపు సున్నా. అంటే ఒకే గేటుకు కొద్ది రోజుల్లోనే మూడు రకాల లెక్కలు.

తొందరలో ఉన్నవారు కోడ్‌లో ఇండెక్స్ 16 అయితే ఇలా చేయి అని ఒక షరతు పెడతారు. మొత్తం కట్టే చోట ఇంకొకటి, నివేదిక అచ్చువేసే చోట మరొకటి. మూడేళ్ల తర్వాత, 2024 ఆగస్టు 10 రాత్రి, 33 గేట్ల తుంగభద్ర డ్యాంలో పంతొమ్మిదో గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. పదహారు అని రాసుకున్న షరతులు అలాంటి రోజున ఒక్కటీ అక్కరకు రావు.

సరైన దారి ఇది. ప్రతి గేటుకూ స్థితి అనే ఒక గడి చేర్చాలి: పనిచేస్తోంది, గేటు లేదు, స్టాప్‌లాగ్ దించారు. లెక్కించే ప్రొసీజర్ ముందు స్థితిని చూస్తుంది, దానికి తగిన సూత్రం ఎంచుకుంటుంది. కోడ్‌లో పదహారు, పంతొమ్మిది అన్న అంకెలే ఉండవు. ఏ గేటుకు ఏం జరిగినా ఫారం మీద ఆ గేటు స్థితి మారిస్తే సరిపోతుంది. ఈ అధ్యాయంలో గుర్తుంచుకోవాల్సిన సూత్రం ఒక్కటే అయితే అది ఇదే: పోలిక ఉన్నదాన్ని కోడ్‌లో ఒక్కసారి రాయండి, తేడా ఉన్నదాన్ని డేటాలో ఉంచండి.

స్థితిని ఎంచుకోవడానికి ఆప్షన్ బటన్లు వాడతాం. వీటిని రేడియో బటన్లు అనడానికి కారణం పాత కార్లలోని రేడియోలు. స్టేషన్ మార్చేందుకు ఒక మీట నొక్కితే అంతకుముందు నొక్కి ఉన్న మీట పైకి లేచేది. మూడింటిలో ఒక్కటే ఎంపిక కావాలంటే అవి ఒక గుంపని కంప్యూటర్‌కు తెలియాలి. వీబీలో ఆ గుంపును నిర్ణయించేది ఫ్రేం. బటన్లను ముందు ఫారం మీద గీసి, తర్వాత వాటి చుట్టూ ఫ్రేం గీస్తే చూపుకు లోపల ఉన్నట్టే ఉంటాయి కానీ నిజానికి ఫారానికే చెందుతాయి. అప్పుడు ఒకటో గేటు స్థితి మారిస్తే రెండో గేటు ఎంపిక చెరిగిపోతుంది. ఫ్రేం ముందు గీసి, దాని లోపలే బటన్లు గీయాలి.

పన్నెండు యూనిట్లు, ఒక వరస

ఒకే తీరు బటన్లను సంఖ్యతో గుర్తించడం తెర మీదే కాదు, చేతితో నొక్కే యంత్రాల్లోనూ ఉంది. ఎన్నికల్లో మనం వాడే ఈవీఎం అందుకు చక్కటి ఉదాహరణ. వీటిని తయారుచేసే రెండు సంస్థల్లో ఒకటి హైదరాబాద్‌లోని ఈసీఐఎల్. ఒక బ్యాలెట్ యూనిట్ మీద 16 బటన్లుంటాయి. అన్నీ ఒకే పని చేస్తాయి: నన్ను నొక్కారని కంట్రోల్ యూనిట్‌కు చెబుతాయి. అభ్యర్థులు ఎక్కువైతే యూనిట్లను ఒకదానికొకటి కేబుల్‌తో కలుపుతారు. ప్రతి యూనిట్‌కూ తన వరస సంఖ్య ఏదో స్విచ్‌తో చెబుతారు. ఎం2 రకం ఈవీఎంకు నాలుగు యూనిట్లు, అంటే నోటాతో కలిపి 64 మంది. ఎం3 రకానికి 24 యూనిట్లు, 384 మంది.

2019 ఏప్రిల్ 11న నిజామాబాద్ లోక్‌సభ ఎన్నికలో ఈ నిర్మాణం గట్టి పరీక్షకు నిలబడింది. పసుపు, ఎర్రజొన్న రైతులు తమ గోడు వినిపించేందుకు పెద్ద సంఖ్యలో పోటీకి దిగడంతో అభ్యర్థుల సంఖ్య 185కు చేరింది. పోలింగ్ కేంద్రాల్లో ఎం3 యంత్రాలకు 12 బ్యాలెట్ యూనిట్లు జోడించారు. జాబితాలో వందో అభ్యర్థి బటన్ ఎక్కడుంటుంది? మొదటి ఆరు యూనిట్లలో 96 మంది సరిపోతారు, కాబట్టి ఏడో యూనిట్ నాలుగో బటన్. చివర 186వదైన నోటా పన్నెండో యూనిట్ పదో బటన్. యూనిట్ సంఖ్యలో ఒకటి తీసేసి, పదహారుతో గుణించి, బటన్ సంఖ్య కలిపితే వరస సంఖ్య వస్తుంది. ఇంత పెద్ద ఎన్నికను నడిపిన గణితం ఇంత చిన్నది. వాడని బటన్లను మూసేస్తారు. మన ఫారంలో గేటు లేని వరసను నొక్కే వీలు లేకుండా చేయడమూ అదే పని.

ఇక్కడ ఇంకో పాఠం ఉంది. బటన్‌కు అభ్యర్థి పేరు తెలియదు, తన సంఖ్య మాత్రమే తెలుసు. ఏ సంఖ్య ఎవరిదో చెప్పే జాబితా విడిగా ఉంటుంది. అందుకే అవే యూనిట్లు నిజామాబాద్‌లోనూ పనిచేస్తాయి, నరసరావుపేటలోనూ పనిచేస్తాయి.

అర్రే పోయింది, ఆలోచన మిగిలింది

2002లో విజువల్ బేసిక్ డాట్‌నెట్ వచ్చినప్పుడు అందులో కంట్రోల్ అర్రే లేదు. వీబీ అలవాటైన ఎందరో దిగులుపడ్డారు. ఎందుకు తీసేశారో తెలుసుకుంటే దిగులు పోతుంది. వీబీ6 వరకు ప్రొసీజర్ ఏ కంట్రోల్‌దో దాని పేరే నిర్ణయించేది. గేట్_క్లిక్ అంటే గేట్ అనే కంట్రోల్ మీద క్లిక్. చాలా కంట్రోళ్లు ఒకే ప్రొసీజర్‌ను పంచుకోవాలంటే అవి ఒకే పేరు పంచుకోక తప్పేది కాదు. డాట్‌నెట్‌లో ఆ ముడి విప్పేశారు. ప్రొసీజర్‌కు ఏ పేరైనా పెట్టి, హ్యాండిల్స్ అనే మాటతోనో యాడ్ హ్యాండ్లర్‌తోనో ఎన్ని కంట్రోళ్లకైనా తగిలించవచ్చు. నొక్కిందెవరో సెండర్ అనే వస్తువుగా లోపలికి వస్తుంది. సంఖ్య కావాలంటే ట్యాగ్ అనే గడిలో పెట్టుకోవచ్చు. గేట్లన్నీ మామూలు జాబితాలో ఉంటే చాలు, ప్రత్యేకమైన అర్రేతో అవసరం లేదు. 1995లో వచ్చిన డెల్ఫీ అనే ప్రోగ్రామింగ్ సాధనం ఇదే సెండర్ పద్ధతిని అప్పటికే వాడింది.

అడుగున చూస్తే ఈ సంఖ్య ఎప్పుడూ ఉన్నదే. విండోస్‌లో బటన్ నొక్కినప్పుడు అది తాను కూర్చున్న కిటికీకి డబ్ల్యూఎం కమాండ్ అనే సందేశం పంపుతుంది. ఆ సందేశంలో బటన్ గుర్తింపు సంఖ్య ఉంటుంది. కంట్రోల్ అర్రే, సెండర్, ట్యాగ్ అన్నీ ఆ సంఖ్యను మనిషికి చేరువ చేసిన వేర్వేరు దారులు.

ఇంకా మేలైన అడుగు మరొకటుంది. గేటు సమాచారాన్ని కంట్రోళ్లలో దాచకపోవడం. నార్వే దేశస్థుడు ట్రిగ్వే రీన్‌స్కౌగ్ 1979లో జిరాక్స్ పార్క్ పరిశోధనశాలలో సమాచారం, దాన్ని చూపే తెర, వాడేవారి చేష్టలను అందుకునే భాగం, ఈ మూడూ వేరుగా ఉండాలని ప్రతిపాదించాడు. మన లెక్కన గేటు అంటే నంబరు, ఎత్తు, స్థితి ఉన్న ఒక రికార్డు. ఫారం మీద వరస దాన్ని చూపే అద్దం. అప్పుడు వరసలను ఏ క్రమంలో అమర్చినా, రేపు ఫారం బదులు ఫోన్ తెర వచ్చినా గేటు గేటుగానే ఉంటుంది.

ఎక్కడ గుంపు కట్టకూడదు

చివరగా ఒక హెచ్చరిక. పేరులో పోలిక ఉన్నంత మాత్రాన గుంపు కట్టకూడదు. సాగర్ కుడి కాల్వ హెడ్ రెగ్యులేటర్‌కూ గేట్లున్నాయి. అవి స్పిల్‌వే మీద లేవు, వాటి అడుగు మట్టం వేరు, వాటి నీరు నదిలోకి కాక చేలకు పోతుంది. వరద వచ్చినప్పుడు అన్ని గేట్లూ ఎత్తు అనే ఆజ్ఞ వాటికి వర్తించకూడదు. వాటిని ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది అంటూ అదే అర్రేకు తగిలిస్తే ప్రతి లూప్‌లోనూ వాటిని తప్పించే షరతులు పుట్టుకొస్తాయి. వాటికి వేరే గుంపు, వేరే పేరు కావాలి. ఒకే పని చేసేవి, ఒకే సూత్రానికి లోబడేవి మాత్రమే ఒక పేరు కిందికి రావాలి.

మీ ప్రోగ్రాం ఈ పరీక్షలో నెగ్గుతుందో లేదో తెలుసుకోవడానికి మంచి కొలత ఒకటుంది. సాగర్ కోసం రాసిన మీ ఫారాన్ని పులిచింతలకు ఇవ్వాలనుకోండి. 26 బదులు 24 గేట్లు, వేరే కొలతలు, వేరే నీటిమట్టాలు. కోడ్‌లో ఎన్ని చోట్ల చేయి పెట్టాల్సి వస్తుందో లెక్కపెట్టండి. డేటా ఫైలు మార్చితే చాలు, కోడ్ ముట్టుకోనక్కర్లేదు అంటే మీరు పోలికనూ తేడానూ సరిగ్గా విడదీశారు. పది చోట్ల మార్చాల్సి వస్తే ఆ పది చోట్లా సాగర్‌కు మాత్రమే చెందిన తేడాలు కోడ్‌లో చిక్కుకుని ఉన్నాయన్నమాట. ఒక్కొక్కదాన్నీ అక్కడి నుంచి తీసి డేటాలోకి చేర్చండి. పదో దాన్ని తీసేసరికి ఈ కళ మీ చేతికి వచ్చేస్తుంది.